పెన్సిల్ గడిలో పేరు

ఉద్యోగ విరమణ చేసి ఏడు నెలలైంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవం ఏదైనా రాసిపెట్టండి, మాకు పనికొస్తుంది" అంటున్నారు. వాళ్లకు కావలసింది బహుశా సూత్రాలూ పట్టికలూ. అవి కేటలాగుల్లో ఉన్నాయి, నేను రాసేదానికంటే బాగా ఉన్నాయి. పైగా ఇప్పుడు కంప్యూటర్లో నాలుగు అంకెలు కొడితే ఏ పంపు తీసుకోవాలో అదే చెబుతుంది. నేను చెప్పగలిగింది ఒక కాగితం గురించి మాత్రమే. ఆ కాగితం ఎడమ అంచున పెన్సిల్‌తో గీసిన ఒక గడి ఉంటుంది. ఆ గడిలో నేను ఒకసారి అబద్ధం రాశాను.

సన్మానంనాడు ఇవన్నీ చెబితే బాగుండదని ఊరుకున్నాను. దండ వేసుకుని కూర్చున్న మనిషి తప్పులు ఒప్పుకుంటుంటే వినేవాళ్లకు ఇబ్బంది. ఇప్పుడు దండ లేదు కాబట్టి రాస్తున్నాను.

మా పని

మెకానికల్ ఇంజనీరునంటే నేను ఫ్యాన్లు బాగుచేస్తాననుకునేవారు మా అత్తగారు. చివరిదాకా అలాగే అనుకున్నారు. నేనూ దిద్దలేదు, ఎందుకంటే అసలు సంగతి చెబితే ఇంకా చిన్నచూపు చూసేవారేమో. మేం యంత్రాలు తయారుచెయ్యం, బాగుచెయ్యం. ఒక భవనానికి ఏ యంత్రం కావాలి, ఎంత పెద్దది కావాలి, ఏ ఎండను, ఏ నీళ్లను తట్టుకోవాలి అన్నది కాగితం మీద రాస్తాం. దాన్ని డేటాషీటు అంటాం. అది చూసి తయారీదారులు తమ యంత్రం గురించి రాసి పంపుతారు. మేం పోల్చి, ఒకటి ఎంచుతాం.

పెళ్లి సంబంధాలు కుదిర్చే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. అటువాళ్లూ ఇటువాళ్లూ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే చెబుతారు. మధ్యలో ఉన్నవాడు కూడా ఇంకొంచెం కలిపితే కాపురం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఈ మాట నవ్వులాటకు అనడం లేదు. నా తప్పు సరిగ్గా అదే.

నేను, యాదగిరి సారు

మాది తెనాలి దగ్గర ఊరు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, పెళ్లై హైదరాబాదు వచ్చి, బాలానగర్లో ఒక ఫ్యాక్టరీ డ్రాయింగు ఆఫీసులో తొమ్మిదేళ్లు గీతలు గీశాను. సాయంకాలం కాలేజీలో చదివి ఇంజనీరింగ్ డిగ్రీ తెచ్చుకునేసరికి నాకు ముప్పై ఒకటి. అప్పుడు తొంభైల చివరి రోజులు. మాదాపూర్ వైపు రాళ్లు పేల్చి అద్దాల భవనాలు కడుతున్నారు. వాటన్నిటికీ ఏసీ ప్లాంట్లు కావాలి, పంపులు కావాలి, జనరేటర్లు కావాలి. పంజాగుట్టలో ఒక చిన్న కన్సల్టెన్సీ వాళ్లు నన్ను జూనియర్ ఇంజనీరుగా తీసుకున్నారు. ఇరవై రెండేళ్ల వాళ్లతో సమానంగా, రెండేళ్ల ప్రొబేషన్ మీద. నాకప్పటికే బడికెళ్లే కూతురుంది.

అక్కడ నా పై అధికారి యాదగిరి సారు. సిద్దిపేట వైపు మనిషి. పంపులు చేసే కంపెనీలో ఫిట్టరుగా చేరి, అక్కడే పరీక్షలు రాసి, ఇరవై ఏళ్లు టెస్ట్‌బెడ్ మీద పంపుల్ని నడిపించి చూసినవాడు. పంపు ఆడుతుంటే దాని ఒంటిమీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "బేరింగు పోతది, నెలకన్నా ఎక్కువ ఆగదు" అనేవాడు. చాలాసార్లు నెల కూడా ఆగేది కాదు. నేను చేరిన మొదటిరోజు నా సర్టిఫికెట్లు పక్కకు జరిపి, "బాలానగర్ల తొమ్మిదేండ్లు జేసినవా? అయితే మనోళ్లే" అన్నాడు. నాకు ఆ మాట ఇచ్చిన ధైర్యం డిగ్రీ ఇవ్వలేదు.

ఆయనకొక పట్టుదల ఉండేది. ఏ డేటాషీటు రాసినా ఎడమ అంచున పెన్సిల్‌తో నిలువుగా ఒక గీత గీసి, ఒక గడి చెయ్యాలి. ఆ గడి పేరు 'ఎవరు చెప్పిన్రు'. షీటులో ప్రతి అంకె పక్కనా, ఆ అంకె మనకు చెప్పిన మనిషి పేరు రాయాలి. బయటికి పంపే కాపీలో అది ఉండదు. ఆఫీసు కాపీలో మాత్రం ఉండి తీరాలి.

మొదటి వారంలో నేను ఒక అంకె పక్కన 'కేటలాగు' అని రాశాను. ఆయన అద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు.

"కేటలాగు మాట్లాడతదా అమ్మా?"

"లేదండి. అందులో ఉన్నదే రాశానండి."

"ఉంటది. గని రేపు తేడా వొస్తె ఎవల్ని అడుగుతవ్? పుస్తకాన్ని అడుగుతవా? మనిషి పేరు రాయి. ఫోన్ జెయ్యి, అడుగు, అప్పుడు రాయి."

ఇదేం చాదస్తమని అప్పుడు ఇంటికెళ్లి మా ఆయనతో అన్నాను. ఆ గడి లేకపోవడం వల్ల ఏమవుతుందో ఒక నెలలోనే చూశాను. వేరే కన్సల్టెంటు ఎంచిన జనరేటరు ఒకటి లారీ మీద వచ్చి, గది తలుపు లోంచి పట్టక, మూడు రోజులు ఎండలో నిలబడింది. తలుపు వెడల్పు ఎవరు చెప్పారని అందరూ అందర్నీ అడిగారు. ఎవరూ చెప్పలేదు, అందరూ అనుకున్నారంతే. చివరికి గోడ పగలగొట్టారు. అది చూడ్డానికి సారు నన్ను స్కూటర్ మీద పనిగట్టుకుని తీసుకెళ్లాడు. పెళ్లికి తీసుకెళ్లినంత ఉత్సాహంగా.

ముప్పై, ముప్పై మూడు, ముప్పై ఆరు

హైటెక్ సిటీ దగ్గర ఒక ఐదంతస్తుల భవనానికి ఏసీ ప్లాంటు పంపులు ఎంచే పని నాకిచ్చారు. నా చేతికి పూర్తిగా అప్పగించిన మొదటి పని అది. ప్లాంటులో చల్లబడ్డ నీటిని పైపుల్లో అన్ని అంతస్తులకూ తిప్పి వెనక్కి తెచ్చే పంపులు అవి. రెండు నడుస్తాయి, ఒకటి అదనంగా ఉంటుంది. పైపుల పొడవునా, వంపుల దగ్గరా నీటికి తగిలే రాపిడిని పంపు గెలవాలి. ఆ బలాన్ని మీటర్లలో లెక్కవేస్తాం, 'హెడ్' అంటాం.

ఆర్కిటెక్టు ఇచ్చిన డ్రాయింగులో ప్లాంటు గది స్థలం చివరి మూలలో, భవనానికి దూరంగా ఉంది. ఆ పొడవుకు నేను లెక్క కట్టాను. ముప్పై మీటర్లు వచ్చింది. పెన్సిల్ గడిలో ఆర్కిటెక్టు పేరు రాశాను. ఎందుకైనా మంచిదని పది శాతం కలిపి ముప్పై మూడు చేశాను. సారు చూసి, ఆ రోజు ఏదో తొందరలో ఉండి, "పైపుల్ల మురికి వట్టినా నడవాలె, ఇంకో మూడు ఎయ్యి" అన్నాడు. ముప్పై ఆరు అయింది.

షీటు బయటికి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే కొత్త డ్రాయింగు వచ్చింది. ప్లాంటు గదిని భవనం కిందికే, బేస్‌మెంటులోకి మార్చారు. అంటే పైపుల పొడవు బాగా తగ్గింది. మళ్లీ మొదటినుంచీ లెక్క కట్టాలి. మధ్యాహ్నానికి షీటు పంపాలి. సారు ఆ రోజు విశాఖపట్నంలో ఉన్నాడు.

నేను ఆ డ్రాయింగు తెరిచి చూశాను. గది మారిందని చూశాను. మడిచి ఫైల్లో పెట్టాను. బలం ఎక్కువైతే నష్టం ఏముంది, తక్కువైతే కదా తిట్లు అనుకున్నాను. తొమ్మిదేళ్లు డ్రాయింగు ఆఫీసులో ఉన్నదాన్ని, గీత మారితే అంకె మారాలన్న సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ పెన్సిల్ గడిలో ఆర్కిటెక్టు పేరు అలాగే ఉంచాను. ఆయన ఆ మాట ఆ రోజు పొద్దున్నే వెనక్కి తీసుకున్నాడు. ఆ పేరు అక్కడ ఉండకూడదు. నా అబద్ధం అదే.

కొత్తగా వచ్చే పిల్లలకు ఇక్కడ ఒక మాట. పెద్ద పంపు ఎంచినందుకు ఎవర్నీ ఎవరూ తిట్టరు. అందుకే మన వృత్తిలో అందరూ తలా కాస్త కలుపుతారు. దాన్ని జాగ్రత్త అంటారు. అందులో సగానికి పైగా భయమే, ఇంకొంత బద్ధకం. అవసరానికి మించిన బలమున్న పంపును అడ్డులేకుండా వదిలితే, తొయ్యాల్సినదానికంటే ఎక్కువ నీటిని తోస్తుంది. ఎక్కువ నీటిని తొయ్యడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. ఇది పుస్తకంలో ఉంది. నేను పరీక్షలో రాశాను కూడా, మార్కులు కూడా వేశారు.

బొట్టుబిళ్ల

భవనం వాడకంలోకి వచ్చిన తర్వాతి వేసవిలో, ఒక శనివారం, ఆ పంపుల్లో ఒకదాని మోటారు కాలిపోయింది. సారు ఊళ్లో లేడు, గురువారం వస్తాడు. నన్ను వెళ్లి చూడమన్నారు. సోమవారం వెళ్లాను.

అక్కడి ఫెసిలిటీ మేనేజరు ప్రసాద్ గారు, మా గుంటూరు వైపాయనే. మంచి మనిషి, కానీ ఆ రోజు ముఖం వాడిపోయి ఉంది. మూడో అంతస్తులో కంప్యూటర్ల హాలు ఉక్కపోసి, పైవాళ్లు గంటకోసారి ఫోన్ చేస్తున్నారట.

"ఆపరేటర్ మల్లయ్య అని ఒకడున్నాడండి. పంపుల వాల్వులు సగానికి మూసిపెట్టేవాడండి, ఎవరికీ చెప్పకుండా. నీళ్లు రాక హాలు వేడెక్కిందండి. నేను చూసి మొత్తం తెరిపించాను. ఈ వాల్వులు తిప్పీ తిప్పీ మోటారు పాడుచేశాడండి. శుక్రవారం మీటింగులో తేల్చి కాంట్రాక్టరుతో చెప్పి తీసేయిస్తాను."

నేను బేస్‌మెంటులోకి దిగాను. అదనపు పంపు నడుస్తోంది, వాల్వు పూర్తిగా తెరిచి ఉంది. కరెంటు చూపించే మీటరు అద్దం మీద ఒక చోట ఎర్రటి స్టిక్కర్ బొట్టుబిళ్ల అంటించి ఉంది. ముల్లు ఆ బొట్టు దాటి అవతల వణుకుతోంది.

"ఇదేమిటండి?"

"ఏమోనండి, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లెవరో అంటించి ఉంటారు."

 బొట్టు ఉన్నచోటు మోటారు ఓర్చుకోగలిగిన చివరి అంకె. పంపుకు అటూ ఇటూ ఉన్న ప్రెజర్ గేజీలు కూడా చూశాను. లెక్క కట్టక్కర్లేదు. నేను రాసిన ముప్పై ఆరు అక్కడ ఎవరికీ అవసరం లేదు.

మల్లయ్యను ప్లాంటులోకి రానివ్వడం లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ గది పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. పాలమూరు వైపునుంచి వచ్చి, నార్సింగిలో కిరాయికి ఉంటున్నాడు. భార్య అనసూయ అదే భవనంలో ఊడ్చే పని. నేను కన్సల్టెన్సీ మనిషినని తెలిసి లేచి నిలబడ్డాడు. కూర్చోమని, పక్కన కూర్చున్నాను. వద్దంటున్నా వినకుండా గేటు బయట బండి దగ్గర రెండు ఛాయ్‌లు చెప్పాడు.

"వాల్వు ఎందుకు మూశావు మల్లయ్యా?"

"మొత్తం తెరిస్తె ముల్లు ఎర్రగీత దాటుతున్నది మేడం. మోటరు మీద చెయ్యి పెడితె కాల్తున్నది. ఏడు సుట్లు మూస్తె ముల్లు దిగుతది, మోటరు సల్లవడతది. హాలు గూడ సల్లగనే ఉంటుండె. అద్దం మీద గీత దూరం నుంచి కనవడ్తలేదని మా ఇంటామె బొట్టుబిళ్ల అంటువెట్టిన."

"మరి హాలు వేడెక్కిందన్నారుగా?"

"ఆడ పైన గాలి వొచ్చే జాలి మొత్తం దుమ్ము వట్టింది మేడం. తీసి కడుగున్రని చెప్పిన. ఎవలు ఇన్లే. వాల్వు మొత్తం తిప్పిచ్చిన్రు. మోటరు మాటిమాటికి బందైతున్నదని, బంద్ జేసే రిలేను గూడ పెంచిన్రు. ఇగ కాలదా?"

రిలే అంటే మోటారు మీద భారం ఎక్కువైతే దాన్ని ఆపే కాపలా. ఆ కాపలాను పడుకోబెట్టారన్నమాట. ఈ మనిషి ఏ పుస్తకమూ చదవకుండా నా తప్పును ఏడు చుట్లతో సరిదిద్దుకుంటూ వచ్చాడు. నేను ఛాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

మల్లయ్యే మళ్లీ అన్నాడు. "ఏమో మేడం, తప్పు నాదే అయితదేమో. సదువుకున్నోల్లు అన్ని లెక్క జేసే పెట్టి ఉంటరు గద. నేను మధ్యల ఏలు వెట్టిన. నౌకరి పోతె పోతది గని, చోరీ జేసినోని లెక్క గేటుకాడ కూసోవెట్టిన్రు. అనసూయ గీ ముందలికెల్లే లోపటికి పోతది."

నేను అక్కడే చెప్పవచ్చు. లెక్క తప్పు, ఆ చదువుకున్నదాన్ని నేనే అని. ప్రొబేషన్ ముగియడానికి ఐదు వారాలుంది. అదే యజమాని రెండో భవనం గచ్చిబౌలిలో కడుతున్నారు, ఆ పని మా ఆఫీసుకు రావాలి. ఇవన్నీ ఒక్కసారి తలలోకి వచ్చాయి. "చూద్దాం మల్లయ్యా" అన్నాను. ఛాయ్ మొత్తం తాగాను.

వెళ్లేముందు ప్రసాద్ గారితో, "ప్రస్తుతానికి ఆ వాల్వు ఏడు చుట్లు మూసి ఉంచండి, రిలే వెనక్కి తగ్గించండి" అన్నాను. ఎందుకో చెప్పలేదు. యంత్రాన్ని కాపాడి, మనిషిని గేటు దగ్గరే వదిలేసి బస్సెక్కాను.

మూడు రోజులు

సోమ, మంగళ, బుధ. నేను చెయ్యని ఆలోచన లేదు. ఆర్కిటెక్టు పేరు గడిలో ఉంది, అడిగితే ఆయన్నే అడుగుతారనుకున్నాను. సారు కూడా మూడు మీటర్లు వెయ్యమన్నాడు కదా అనుకున్నాను. రిలే పెంచినవాళ్లదే అసలు తప్పనుకున్నాను, అది కొంతవరకు నిజం కూడా. నిజంలో కొంత భాగం చేతిలో ఉంటే మనిషి ఎంత హాయిగా దాక్కుంటాడో నాకు ఆ మూడు రోజుల్లో తెలిసింది. బుధవారం మా అమ్మాయి లెక్కల హోంవర్కులో పక్కవాళ్ల జవాబు చూసి రాసిందని గట్టిగా కోప్పడ్డాను. అది బిత్తరపోయి చూసింది. 

గురువారం సారు వచ్చీ రాగానే ఆయన బల్ల ముందు నిలబడి మొత్తం చెప్పాను. కొత్త డ్రాయింగు సంగతి, బొట్టుబిళ్ల, ఛాయ్‌తో సహా.  ఫైలు తెప్పించాడు. ఆఫీసు కాపీ తీసి, హెడ్ అన్న వరస మీద వేలు పెట్టాడు.

"గది మారిన సంగతి నీకు ఎప్పుడు ఎర్కైంది?"

"షీటు పంపే రోజు పొద్దున్నేనండి."

"మరి ఈ గడిల ఆయన పేరేంది?"

"నేను మార్చలేదండి."

ఆయన వేలు ఆ గడిలోనే కిందికి జరిపాడు. "నేను మూడు మీటర్లు ఎయ్యమన్న గద. నా పేరేడ రాసినవ్?"

"రాయలేదండి. మీ పేరు రాయాలంటే..."

"రాయాలె. నా పేరు ముందుగాల రాయాలె." ఆయనే పెన్సిల్ తీసుకుని, ఇంగ్లీషులో పొడి అక్షరాలు కాకుండా, తెలుగులో నిండుగా 'యాదగిరి' అని రాశాడు. తర్వాత రబ్బరు నా వైపు జరిపాడు.

నేను ఆర్కిటెక్టు పేరు చెరిపి, నా పేరు రాశాను. విజయలక్ష్మి. 

"మోటరు కాలిందని నాకేం లేదమ్మా" అన్నాడాయన. "మోటర్లు కాల్తయ్, మల్ల తీగ కట్టిచ్చుకుంటం. సోమారం నుంచి గా మనిషి గేటుకాడ కూసున్నడు. నువ్వు ఈడ మంచిగ ఫ్యాన్ కింద కూసున్నవ్. గా పని నాకు నచ్చలే. రేపు మీటింగుల నువ్వే చెప్పాలె. నేను పక్కకు ఉంట."

దాదాపు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను తిట్టిన బాసులు చాలామంది ఉన్నారు. వాళ్ల మాటలేవీ గుర్తులేవు. ఈ నాలుగు మాటలు మాత్రం ఉన్నాయి.

శుక్రవారం

మీటింగులో ప్రసాద్ గారు, కాంట్రాక్టరు, పంపు కంపెనీ మనిషి, మేమిద్దరం. మల్లయ్య బయట. నేను లేచి, "మోటారు కాలడానికి మొదటి కారణం నా లెక్క. గది మారిందని తెలిసీ పాత అంకె పంపాను. మల్లయ్య వాల్వు మూయకపోతే మోటారు వేసవి దాకా కూడా ఆగేది కాదు" అన్నాను. అనుకున్నదానికంటే చిన్న వాక్యాలే సరిపోయాయి.

 ప్రసాద్ గారు పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, చివరికి మెల్లగా అన్నారు. "రిలే పెంచమన్నది నేనేనండి. పైనుంచి ఫోన్లు తట్టుకోలేక అన్నాను." ఆయన ఆ మాట అనకపోయినా ఎవరూ పట్టుకునేవాళ్లు కారు. అందుకే ఈనాటికీ ఆయనంటే నాకు గౌరవం.

సారు అందర్నీ బేస్‌మెంటుకు తీసుకెళ్లి, మల్లయ్యను పిలిపించాడు. ఎందుకు పిలిచారో చెప్పలేదు. "వాల్వు మొత్తం తెరిచి, నువ్వెట్ల మూస్తుంటివో గట్ల మూసి చూపియ్యి" అన్నాడంతే. మల్లయ్య చక్రం పట్టుకుని, తిప్పుతూ, బళ్లో పిల్లవాడిలా పైకి లెక్కపెట్టాడు. ఏడు దగ్గర ఆగాడు. ముల్లు దిగి సరిగ్గా బొట్టుబిళ్ల వెనక నిలబడింది. "ఇగ సాలు" అన్నాడు.

నేను వాల్వుకు అవతలి వైపు గేజీలు చదివాను. ఆ ఏడు చుట్ల దగ్గర అవి చూపించింది ఇరవై ఆరు మీటర్లు, ఆ భవనానికి నిజంగా కావలసిన హెడ్. ఆఫీసుకు వెళ్లి కొత్త డ్రాయింగు ముందేసుకుని, ఆ రోజు చెయ్యాల్సిన లెక్క అప్పుడు చేశాను. ఇరవై ఆరే వచ్చింది.

పంపులు మార్చనక్కర్లేకపోయింది. లోపల నీటిని విసిరే చక్రాన్ని అంచుల వెంట కాస్త తగ్గిస్తే బలం తగ్గుతుంది. సారు మూడు చక్రాలూ ఒకటి తర్వాత ఒకటి విప్పించి, బాలానగర్లో తన పాత స్నేహితుడి లేతు మీద, పక్కన నిలబడి కోయించాడు. పై అంతస్తులో గాలి జాలీ కూడా విప్పి కడిగారు. దుప్పటంత దుమ్ము వచ్చింది. ఆ తర్వాత వాల్వు పూర్తిగా తెరిచినా ముల్లు బొట్టు దాటలేదు. మల్లయ్య అప్పటికే తిరిగి పనిలో ఉన్నాడు.

నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. న్యాయమే. గచ్చిబౌలి భవనం పని మాకే వచ్చింది, నాకు మాత్రం ఇవ్వలేదు. అదీ న్యాయమే.

ఆ కాగితం

ఈ పెన్సిల్ గడిని నేను పై హోదాకు వచ్చాక మా ఆఫీసు కంప్యూటర్ ఫారంలో పెట్టించాను. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు పోదు. పిల్లలు తెలివైనవాళ్లు, అందులో 'స్టాండర్డ్' అని కొట్టి ముందుకు పోతున్నారు. నాయనా, ఆ స్టాండర్డ్ గారు ఎక్కడ కూర్చుంటారు, ఆయన ఫోన్ ఎత్తుతారా? పోనీ ఎప్పుడైనా మీకు ఛాయ్ తాగించారా? ఈ వ్యాసమంతా ఆ ఒక్క గడి కోసమే రాశాను.

చక్రాలు బిగించిన వారం, పాత షీటులోనే సవరణ రాశాను. ముప్పై ఆరును ఒక గీతతో కొట్టేసి, పక్కన మా ఇద్దరి పేర్లు అలాగే ఉంచి, కింద కొత్త వరసలో ఇరవై ఆరు వేశాను. గడిలో ఎవరి పేరు రాయాలని సారును అడిగాను. ఆయన అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. 'మల్లయ్య, పంపు ఆపరేటర్' అని రాసి, ఆ కాగితం పట్టుకుని మాదాపూర్ వెళ్లాను.

మల్లయ్య చేతులు ప్యాంటుకు తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. చదవడం అంతంత మాత్రమే, పేరు గుర్తుపట్టగలడు. వేలితో వెతికి, దొరికాక, వేలు అక్కడే ఉంచాడు.

"నా పేరు ఎందుకు మేడం?"

"ఈ అంకె చెప్పింది నువ్వే కదా. రేపు ఎవరికైనా అనుమానమొస్తే నిన్నే అడగాలి."

"జిరాక్స్ ఒకటి ఇయ్యున్రి. అనసూయకు చూపిస్త. బొట్టుబిళ్లల పాకిట్ ఖరాబు జేసిన్నని మస్తు లొల్లి వెట్టింది." నవ్వాడు. తర్వాత వేలు పై వరసకు జరిగింది. "గీ కొట్టేసిన కాడ పేర్లెవరియి?"

"ఒకటి యాదగిరి సారుది. ఒకటి నాది. తప్పు లెక్క నాదే మల్లయ్యా."

మల్లయ్య తలెత్తలేదు. కాగితం వైపే చూస్తూ అడిగాడు. "సోమారం నా పక్కన బల్ల మీద కూసున్ననాడు, మీకు ఎర్కేనా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. బస్సులో వస్తూ ఏవో జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. 

"తెలుసు" అన్నాను.

పంపు ఆడుతూనే ఉంది.  మల్లయ్య కాగితాన్ని జాగ్రత్తగా మడత లేకుండా నా చేతికిచ్చి, మోటారు మీద ఒకసారి అరచెయ్యి పెట్టి చూసి, మీటరు వైపు చూసి, మెట్లవైపు నడిచాడు. రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగాడు.

"రాండ్రి మేడం. ఈసారి ఛాయ్ మీరు తాపియ్యున్రి."